డ్రాగన్ వెండి బిళ్ళ చేతికొస్తే రేటు అడిగే ముందు కాటా మీద పెట్టండి

మన ప్రొద్దుటూరులో బంగారు, వెండి అంగళ్ళకి కొదవే లేదు, పసిడిపురి అని పేరు కూడా ఉంది. అయినా సరే ఎవరికన్నా జపాన్ వాళ్ళ డ్రాగన్ బొమ్మ ఉన్న పెద్ద వెండి బిళ్ళ దొరికిందంటే చేసే మొదటి పని ఫోటో తీసి నలుగురికి పంపి "ఎంత పలుకుతాదన్నా" అని అడగడం. ఫోటో చూసి రేటు చెప్పినోడు ఎవడైనా సరే నోటికొచ్చింది చెప్తాండాడనే అనుకోండి. ఈ బిళ్ళలకి నకిలీలు ఎక్కువ, ఇనుముకి పైన వెండి పూత పూసినవి, తెల్ల ఇత్తడివి, అచ్చులో పోత పోసినవి అన్నీ తిరుగుతాంటాయి. కానీ ఈ నాణెం కాడ ఒక మంచి సంగతి ఉంది, దాన్ని ఎట్ల పరీక్ష చేయాలో దాని మీదనే అచ్చేసి పెట్టినారు, బరువెంత, టంచ్ అంటే వెండి మేలిమి ఎంత, రెండూ అంకెల్లో, మనకి చదవను వచ్చే అంకెల్లోనే. అంకెలు కాటాతో కలిస్తే మిగతావి మాట్లాడుకోవచ్చు, కలవకపోతే గమ్మున వెనక్కి ఇచ్చేయండి.

ముందు మీ చేతిలో ఉండేది ఏ బిళ్ళో తేల్చుకోండి. డ్రాగన్ ఉన్న వైపు కింద అంచు చూడండి, ఇంగ్లీషులో రాసుంటాది. 416, వన్ యెన్, 900 అని ఉంటే అది మామూలు వెండి యెన్. 420 గ్రెయిన్స్, ట్రేడ్ డాలర్, 900 ఫైన్ అని ఉంటే అది జపాన్ ట్రేడ్ డాలర్, ఇది కొట్టింది 1875 నుంచి 1877 వరకే, కాబట్టి దొరకడం కష్టం, దొరికిందంటే అనుమానం కూడా ఎక్కువ పడాలి. అసలు ఇంగ్లీషే లేకుండా డ్రాగన్ చుట్టూ జపాన్ అక్షరాలు, వెనక వైపు సూర్యకిరణాలు ఉంటే అది 1870 తేదీ మొదటి రకం యెన్. ఆ 1870 తేదీ వేసి ఇంగ్లీషు కూడా ఉందంటే ఇంక పరీక్షే అక్కర్లేదు, డూప్లికేట్.

ఇప్పుడు ఆ 416, 420 అంటే ఏంటంటే గ్రెయిన్లు, పాత ఇంగ్లీషు తూకం. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. అంటే 416 గ్రెయిన్లు 26.96 గ్రాములు, 420 గ్రెయిన్లు 27.22 గ్రాములు. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, విక్టోరియా రాణి రూపాయి కూడా సరిగ్గా తులమే, 11.66 గ్రాములు, కాబట్టి ఇంట్లో అమ్మమ్మ వాళ్ళ కాలం రూపాయి ఉంటే ముందు దాన్ని పెట్టి కాటా సరిగా ఉందో లేదో చూసుకోవచ్చు, అరిగి ఉంటే రవ్వంత తక్కువ చూపిస్తాది. 900 అంటే వెయ్యికి తొమ్మిదొందల పాళ్ళు మేలిమి వెండి, మిగతాది రాగి. మన రూపాయి ఇంకొంచెం మేలు, 917.

కాటా అంటే కూరగాయలు తూచేది కాదు, వెండి అంగడిలో మిల్లీలు చూపించే మిషన్ కావాలి, తెలిసిన అంగడి అయితే ఊరికే పెట్టి ఇస్తారు. బాగా చేతులు మారిన బిళ్ళ 26.7, 26.8 చూపిస్తే కంగారు పడొద్దు, అరుగుదల. 26 కంటే కిందికి పడితే మాత్రం నమ్మొద్దు, నకిలీలు శానావరకు ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు గ్రాముల కాడ ఆగిపోతాయి, ఎందుకంటే చౌక లోహం వెండి కంటే తేలిక, అదే సైజులో అంత బరువు రాదు. బరువు సరిపెట్టాలంటే బిళ్ళని మందం చేయాల. అందుకే బరువు ఒక్కటే చూసి వదిలేయకుండా వెర్నియర్ కాలిపర్‌తో అడ్డం కొలత కూడా తీసుకోండి. 1887కి ముందు యెన్ 38.6 మిల్లీమీటర్లు, ఆ ఏడు నుంచి 38.1కి తగ్గించినారు, బరువు మాత్రం మార్చలేదు. ట్రేడ్ డాలర్ 38.6 దగ్గరే ఉంటాది.

అయస్కాంతం సంగతి అందరికీ తెలిసిందే, అంటుకుంటే నకిలీ. కానీ అంటుకోలేదంటే అసలుది అని మాత్రం కాదు, ఇత్తడి కూడా అంటుకోదు కదా. అంచు చుట్టూ గీతలు సమానంగా ఉండాయా, మధ్యలో అతుకు గీత ఏమన్నా కనిపిస్తాందా భూతద్దంతో చూడండి, అతుకు కనపడితే అది పోత పోసిన బిళ్ళ, టంకశాలలో కొట్టింది కాదు. డ్రాగన్ పొలుసులు కూడా చూడండి, అసలు నాణెంలో అరిగిన చోట నున్నగా ఉంటాయి, పోతలో అన్నిచోట్లా ఒకే మాదిరి మొద్దుబారి సబ్బులాగా ఉంటాయి.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష నీళ్ళది. ఖర్చు లేదు, నాణేనికి గీత పడదు. మిషన్ మీద ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు పెట్టి సున్నా చేసుకోండి, నాణేన్ని సన్న దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు వేలాడదీయండి, అడుగుకి గానీ పక్కలకి గానీ తగలకూడదు, బుడగలు అంటుకొని ఉంటే ఒకసారి కదిలించండి. అప్పుడు మిషన్ ఎంత చూపిస్తాందో అది నాణెం ఘనపరిమాణం అనుకోండి. బయట తూచిన బరువుని దీంతో భాగిస్తే 10.3 దగ్గర రావాల. 26.96 గ్రాముల యెన్‌కి నీళ్ళలో 2.6 చూపిస్తాది. అదే బరువుండే ఇత్తడో, రాగి నికెలో అయితే 3 దాటిపోతాది. ముందు విక్టోరియా రూపాయితో చేసి చూసుకోండి, అది 1.13 చూపించాలి, అట్ల చేతికి అలవాటు అయినాక యెన్ పెట్టండి. అంగడిలో కంప్యూటర్ టెస్టింగ్ ఉంది కదా ఇదంతా ఎందుకు అంటారేమో, అది పైపొరనే చదువుతాది, పూత మందంగా ఉంటే 900 అనే చూపిస్తాది, నీళ్ళకి మాత్రం లోపల ఏముందో కూడా తెలిసిపోతాది. గీటురాయి మీద గీసి చూస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, గీత పడిందంటే నాణెం రేటు పడినట్టే.

తేదీ చదవడం అనుకున్నంత కష్టం కాదు. జపాన్ అక్షరాలు డ్రాగన్ వైపు పై అంచు వెంబడి ఉంటాయి, కుడి నుంచి ఎడమకి చదవాల. ముందు దేశం పేరు, తర్వాత చక్రవర్తి కాలం పేరు మెయిజీ, తర్వాత అంకె, చివర్లో సంవత్సరం అనే అక్షరం. అంకెలు చూసి గుర్తుపట్టొచ్చు, ఒకటికి ఒక అడ్డగీత, రెండుకి రెండు, మూడుకి మూడు, పదికి కూడిక గుర్తు, ఎనిమిదికి ఇంటి కప్పు మాదిరి రెండు ఏటవాలు గీతలు, నాలుగు ఒక డబ్బా, మిగతావి ఒకసారి చార్టు చూస్తే పట్టుబడతాయి. మూడు గీతలు, కూడిక గుర్తు ఉంటే ముప్పై. వచ్చిన అంకెకి 1867 కలపండి, మెయిజీ 30 అంటే 1897, మెయిజీ 36 అంటే 1903. చివరి యెన్ ఒక్కటే వేరే చక్రవర్తి కాలంది, తైషో 3, దానికి 1911 కలిపితే 1914.

ఈ లెక్క వచ్చిందంటే సగం నకిలీలు కాటా లేకుండానే దొరికిపోతాయి. ట్రేడ్ డాలర్ మీద మెయిజీ 8, 9, 10 తప్ప ఇంకోటి ఉండదు, పది దాటి ఏదన్నా ఉంటే అబద్ధం. 416 అని ఉండే యెన్ మొదలయింది మెయిజీ 7 అంటే 1874లో, తర్వాత 1875, ఆ తర్వాత ట్రేడ్ డాలర్ కొట్టినారు కాబట్టి రెండేళ్ళు యెన్ లేదు, మళ్ళీ 1878 నుంచి 1897 వరకు వరసగా ఉంది. 1874, 1875 తేదీల యెన్ అరుదు, వీటిని ఎవరన్నా చౌకగా ఇస్తామంటే ఎందుకు ఇస్తాండాడు అని ఆలోచించండి.

అసలు 416 ఎందుకు, 420 ఎందుకు, మళ్ళీ 416 ఎందుకు అనేది తెలిస్తేనే ఈ నాణెం మజా. కొంచెం వెనక్కి పోవాల.

జపాన్‌లో పాత లెక్క ర్యో, బు, షు. నాలుగు షులు ఒక బు, నాలుగు బులు ఒక ర్యో, మన రూపాయికి పదహారణాలు ఉన్నట్టు ర్యోకి పదహారు షులు. ర్యో అంటే కోబాన్ అనే పలచటి బంగారు రేకు, బు అంటే దీర్ఘచతురస్రంగా ఉండే చిన్న వెండి బిళ్ళ. ఇవి కాక ఒసాకా వర్తకులు వెండి ముద్దలు తూకం వేసి ఇచ్చుకునేవాళ్ళు, ఒక్కో సామంత రాజ్యం తన కాగితం నోట్లు వేసుకునేది, గందరగోళం. 1858లో అమెరికాతో ఒప్పందం అయింది, అందులో విదేశీ నాణెం, జపాన్ నాణెం ఒకే లోహమైతే బరువుకి బరువు మార్చుకోవచ్చు అని రాసినారు. అప్పుడు తూర్పు దేశాల వ్యాపారమంతా మెక్సికో వెండి డాలర్ మీద నడిచేది, 27 గ్రాములు. బరువు లెక్కన ఒక డాలర్‌కి మూడు బులు వచ్చేవి. నాలుగు బులు పెడితే ఒక కోబాన్ బంగారం. జపాన్ లోపల బంగారానికి వెండికి లెక్క ఒకటికి ఐదు, బయట ఒకటికి పదిహేను. ఇంక చూడండి, 1859లో ఓడరేవులు తెరవంగానే డాలర్లు తెచ్చి బులు చేసుకొని, బులు ఇచ్చి కోబాన్లు తీసుకొని, షాంఘైలో అమ్మితే ఇంచుమించు మూడింతలు. బంగారం కారిపోయింది. 1860లో కోబాన్‌నే మూడో వంతుకి కుదించి ఆపినారు, దాంతో లోపల ధరలు పెరిగిపోయినాయి.

దీని గురించి రాసేవాళ్ళు జపానోళ్ళు అమాయకంగా మోసపోయినారని రాస్తాంటారు, నాకు అది సరి అనిపించదు. బు బిళ్ళలో ఉండే వెండి కంటే దాని ముఖవిలువ ఎక్కువ, అది ప్రభుత్వం ముద్ర వల్ల వచ్చిన విలువ, లోపల బాగానే నడిచింది. ఒప్పందంలో ముద్రని పక్కన పెట్టి ఒట్టి బరువు చూడండి అని ఒప్పించడంతోనే దెబ్బ పడింది. వాళ్ళు కూడా అప్పుడే చెప్పినారు ఇది కుదరదని, వినలేదు.

అందుకే మెయిజీ ప్రభుత్వం వచ్చినాక బరువు, టంచ్ విషయంలో ఎవరూ వేలు పెట్టకుండా నాణెం చేయాలనుకుంది. హాంకాంగ్‌లో బ్రిటిష్ వాళ్ళు 1866లో తెరిచి 1868లో మూసేసిన టంకశాల యంత్రాలు కొన్నారు, ఆడ పెద్దగా పనిచేసిన థామస్ కిండర్‌నే ఒసాకాకి పిలిపించినారు, డ్రాగన్ చెక్కింది మాత్రం వాళ్ళ దేశం పనివాడే, కత్తి పిడుల మీద నగిషీ చెక్కే కానో నత్సువో. ఒసాకా టంకశాల 1871 ఏప్రిల్‌లో మొదలయింది. అదే ఏడు కొత్త చట్టం వచ్చింది, యెన్, అందులో నూరో వంతు సెన్, వెయ్యో వంతు రిన్. పదహారణాల లెక్క పోయి పదుల లెక్క వచ్చింది, మనకి ఆ పదుల లెక్క 1957లో గానీ రాలేదు. చట్టం ప్రకారం అసలు డబ్బు బంగారం, ఒక యెన్‌కి 1.5 గ్రాములు. వెండి యెన్ ఓడరేవుల్లో విదేశీ వ్యాపారం కోసం.

ఇప్పుడు లెక్క చూడండి. యెన్‌లో మేలిమి వెండి 24.26 గ్రాములు. మెక్సికో డాలర్‌లో 24.44. తేడా చిన్నదే, కానీ చైనా వర్తకులు ఆ రవ్వంత తేడాకే యెన్‌ని సమానంగా తీసుకోలేదు. అమెరికా వాళ్ళు 1873లో 420 గ్రెయిన్ల ట్రేడ్ డాలర్ దింపినారు. జపాన్ కూడా 1875లో అదే 420కి ఎక్కించింది, మేలిమి 24.49, మెక్సికో కంటే ఎక్కువ. అయినా జనం మెక్సికోకి అలవాటు పడిపోయినారు, ఎక్కువ వెండి పెట్టినందుకు ఎవరూ ఎక్కువ ఇవ్వలేదు. బరువు ఎక్కువ నాణెం కరిగించుకోను పనికొస్తాది, నష్టం కొట్టినోడికే. మూడేళ్ళకి ఆపేసి 1878లో మళ్ళీ 416కే వచ్చినారు, ఆ ఏడే వెండి యెన్‌ని దేశమంతా చెల్లేట్టు చేసినారు. మీ చేతిలో 420 ఉందంటే ఆ ప్రయత్నం తాలూకు బిళ్ళ అది.

తర్వాత కాగితం నోట్లు ఎక్కువై ధరలు పెరగడం, ఆర్థిక మంత్రి మత్సుకత వచ్చి నోట్లు వెనక్కి లాగడం, 1882లో బ్యాంక్ ఆఫ్ జపాన్ పెట్టడం, 1885 నుంచి వెండికి మార్చుకునే నోట్లు వేయడం, ఇవి తొందరగా దాటేస్తాను, నాణెం చూసేవాళ్ళకి దీంతో పని తక్కువ.

పని ఉండేది 1897తో. అప్పటికి ప్రపంచంలో వెండి ధర పడిపోతా ఉంది. 1893 జూన్‌లో మన దేశంలో టంకశాలలు జనం తెచ్చే వెండికి రూపాయలు కొట్టివ్వడం ఆపేసినాయి, ఆ దెబ్బకి వెండి ఇంకా కింద పడింది, జపాన్ కూడా అదే ఏడు నాణేల మీద విచారణ సంఘం వేసుకుంది. చైనాతో యుద్ధం గెలిచి వచ్చిన పరిహారం చేతిలో పడినాక 1897 అక్టోబరు 1 నుంచి పూర్తిగా బంగారానికి మారిపోయింది, కానీ యెన్‌కి బంగారం 1.5 గ్రాములు కాదు, 0.75. 1871లో బంగారానికి వెండికి లెక్క ఒకటికి 16, 1897లో 32, అంటే ఇరవై ఆరేళ్ళలో వెండి సగం అయిపోయిందని చట్టంలోనే ఒప్పుకున్నట్టు. మన రూపాయిని 1899కి సవరనుకి, అంటే ఇంగ్లీషు వాళ్ళ బంగారు నాణేనికి, పదిహేను అని కట్టేసినారు, అదీ ఇదే గొడవ వల్లనే.

వెనక్కి తీసుకున్న వెండి యెన్లలో శానా వాటికి డ్రాగన్‌కి అవతల, పూలదండ ఉన్న వైపు చిన్న గుండ్రంలో వెండి అనే అక్షరం కొట్టినారు, దాన్ని గిన్ ముద్ర అంటారు. ఇవి తైవాన్, కొరియా లాంటి చోట్ల తిరిగేవి, మళ్ళీ జపాన్‌కి వచ్చి బంగారం అడగకుండా ఆ గుర్తు. ముద్ర ఎడమ పక్కన ఉంటే ఒసాకాది, కుడి పక్కన ఉంటే టోక్యోది. 1901 నుంచి కొన్ని ఏళ్ళలో మళ్ళీ కొట్టిన యెన్లు కూడా బయట వాడకానికే. గిన్ ముద్ర ఉంది కాబట్టి అసలుది అని మాత్రం యామారొద్దు, నకిలీ చేసేవాడు దాన్ని కూడా అచ్చులోనే పోస్తాడు. అసలు ముద్ర తర్వాత కొట్టింది కాబట్టి లోతుగా గుంట పడి, అవతల వైపు అదే చోట కొంచెం చదునుగా కనిపిస్తాది.

ఈడ ఇంకో బిళ్ళ గురించి చెప్పాల, దానికీ దీనికీ జనం తికమక పడతాంటారు. చేతిలో శూలం పట్టుకొని నిలబడిన బ్రిటానియా బొమ్మ ఉండే బ్రిటిష్ ట్రేడ్ డాలర్. ఇది 1895 నుంచి ఎక్కువగా బొంబాయి టంకశాలలోనే కొట్టినారు, బరువు, టంచ్ సరిగ్గా యెన్ మాదిరే, 26.96, 900. రూపాయలు కొట్టడం తగ్గిన టంకశాలలో తూర్పు దేశాల కోసం కొట్టిన డాలర్ ఇది. నకిలీలు దీనికీ బాగా ఉండాయి, పైన చెప్పిన కాటా, నీళ్ళ పరీక్ష దీనికీ పనికొస్తాయి.

బిళ్ళ మీద అక్కడక్కడా చిన్న చిన్న చైనా అక్షరాలు, గుంటలు కొట్టి ఉంటే పాడైందని అనుకోవద్దు. చైనా షరాబులు టంచ్ చూసి తమ గుర్తు కొట్టేవాళ్ళు, అవి సేకరించేవాళ్ళు వేరేగా ఉండారు. పాడైంది అంటే ఏందంటే టంకం వేసి ఉంగరం అతికించింది, హారంలో వేసుకోను బెజ్జం పెట్టింది, తర్వాత ఉంగరం పీకేసి అంచు రాకినది. అంచు చుట్టూ ఒకే చోట గీతలు మాయమైనాయా చూసుకోండి. అట్లాంటిదానికి వెండి రేటు ఇచ్చుకోండి చాలు.

మెరుగు మాత్రం పెట్టించొద్దు. మన ఊర్లో నల్లగా ఉన్న వెండి కనిపిస్తే చేతులు ఊరుకోవు, చింతపండో, కుంకుడుకాయో, అంగడి కుర్రోడు అయితే సీదా యాసిడ్ నీళ్ళలో ముంచేస్తాడు. ఆ నలుపే సేకరించేవాళ్ళకి కావాల్సింది, అది పోతే రేటులో పెద్ద తరుగు. మట్టి ఉంటే మంచి నీళ్ళతో కడిగి మెత్తని గుడ్డ మీద ఆరబెట్టండి, రుద్దొద్దు, అంచులు పట్టుకొని ఎత్తండి, మామూలు మెత్తని ప్లాస్టిక్ కవర్లలో పెట్టకుండా గట్టి డబ్బీలో పెట్టుకోండి.

రేటు కట్టేది ఎట్లంటే ముందు అడుగు లెక్క వేసుకోండి, 24.26 గ్రాములు ఇంటూ ఆ రోజు మేలిమి వెండి రేటు. అంతకంటే తక్కువకి ఇస్తాండాడంటే నకిలీ అనుకోవాల, లేదంటే వాడికి తెలీదు, మొదటిదే ఎక్కువ. దాని పైన ఎంత అనేది తేదీ, అరుగుదల, ముద్రల బట్టి, దానికి పెద్ద వేలంపాటల్లో అదే తేదీ బిళ్ళ నిజంగా ఎంతకి పోయిందో చూడండి, ఎవరో అడిగిన రేటు కాదు.

కొనేముందు చట్టం ఒకసారి గుర్తుపెట్టుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తాది, చివరి యెన్ 1914ది కాబట్టి ఇవన్నీ దాటేసినాయి. మీ దగ్గర పెట్టుకోను ఇబ్బంది లేదు, విదేశాలకి పంపడం కుదరదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాల. విదేశంలో గ్రేడింగ్, అంటే నాణెం అసలుదా, ఎంత బాగుంది అని తేల్పించడం, చేయించి తెప్పిస్తా ఇవ్వన్నా అని ఎవరన్నా బిళ్ళ అడిగితే ఇవ్వొద్దు. ఇంకోటి, జొన్నగిరి, తుగ్గలి పక్క వానలు పడితే వజ్రాలకి పోయేవాళ్ళు ఉండారు, పాత గోడలు తవ్వితే కుండ దొరికిందని చెప్పేవాళ్ళూ ఉండారు. భూమిలో దొరికిన సొత్తు కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచి చట్టం ఉంది, కాబట్టి "తవ్వకంలో దొరికింది, ఎవరికీ చెప్పొద్దు" అని డ్రాగన్ బిళ్ళలు మూట కట్టుకొని వచ్చేవాడి మాట నిజమైనా మీకు కేసే, అబద్ధమైతే ఇనుమే, రెండింటికీ డబ్బులు పెట్టొద్దు.